కోడి కంపెనీది, షెడ్డు మీద అప్పు రైతుది: విత్తనం నుంచి దుకాణం దాకా ఒకే చేతిలో నడిచే వ్యాపారం

ఒక కంపెనీ రైతుకి విత్తనం అమ్ముతుంది, పండిన మొక్కజొన్న తనే కొని దాణా చేస్తుంది, ఆ దాణా తన కోళ్లకే వేస్తుంది, కోళ్లను తన ప్లాంటులోనే కోసి ప్యాక్ చేసి చివరికి తన దుకాణంలోనే అమ్ముకుంటుంది. థాయ్‌లాండ్‌లో సీపీ గ్రూపు చేసేది దాదాపు ఇదే. 1921లో చైనా నుంచి వలస వచ్చిన అన్నదమ్ములు బ్యాంకాక్‌లో పెట్టిన విత్తనాల కొట్టు అది. ఇప్పుడు ఆ దేశంలో సెవెన్-ఎలెవెన్ దుకాణాలు నడిపేదీ వాళ్లే.

ఇలాంటి వ్యాపారం గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. రైతుకి ఖాయమైన మార్కెట్ దొరుకుతుంది, టెన్షన్ తగ్గుతుంది అనేది ఒకటి. రైతుని తన సొంత భూమిలోనే కూలీగా మార్చేస్తుంది అనేది రెండోది. రెండిట్లోనూ నిజం ఉంది, కాకపోతే రెండు పక్షాలూ "కంపెనీ", "రైతు" అని టోకున మాట్లాడేస్తాయి. అసలు చూడాల్సింది గొలుసులో ఒక్కో లింకు ఎవరి సొంతం, అక్కడ నష్టం వస్తే ఎవరి నెత్తిన పడుతుంది అనేది. ధర పడిపోవడం ఒక నష్టం, జబ్బు రావడం ఇంకోటి, షెడ్డు ఖాళీగా ఉండటం మరోటి. ఈ మూడూ ఒకే మనిషి మీద పడాలని రూలేమీ లేదు.

ముందు మాటలకి అర్థాలు

'అగ్రిబిజినెస్' అనే మాటని 1950ల్లో హార్వర్డ్‌లో జాన్ డేవిస్, రే గోల్డ్‌బర్గ్ ప్రచారంలోకి తెచ్చారు. పొలం ఒక్కటే వ్యవసాయం కాదు, పొలానికి ముందున్న ఎరువులు, విత్తనాలు, యంత్రాలు, పొలం తర్వాత వచ్చే మిల్లులు, గోదాములు, దుకాణాలు అన్నీ కలిపి చూడాలి అన్నది వాళ్ల ఉద్దేశం.

ఈ వరసలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే పనులను ఒకే సంస్థ తన చేతిలోకి తీసుకుంటే అది వర్టికల్ ఇంటిగ్రేషన్. పక్క ఊళ్లో మిల్లుని ఇంకో మిల్లువాడు కొంటే అది వేరే సంగతి, అక్కడ పోటీదారు తగ్గాడంతే. మిల్లువాడు పొలమో, లారీయో, దుకాణమో కొంటేనే గొలుసు నిలువుగా పెరిగినట్టు.

ఇందులో చాలా మెట్లున్నాయి. ఒక చివర అన్నీ కొని సొంతం చేసుకోవడం, రెండో చివర మామూలుగా మార్కెట్లో కొనుక్కోవడం. మధ్యలో ఒప్పంద సేద్యం. ఆ ఒప్పందాల్లో మళ్లీ తేడాలు: కొన్నిట్లో కంపెనీ పంట కొంటానని మాట మాత్రం ఇస్తుంది, కొన్నిట్లో విత్తనం, ఎరువు, దాణా, మందులు అన్నీ తనే ఇచ్చి సరుకు మీద హక్కు కూడా తన దగ్గరే పెట్టుకుంటుంది. బ్రాయిలర్ కోళ్లలో జరిగేది ఈ రెండోది. కోడిపిల్ల కంపెనీది, దాణా కంపెనీది, డాక్టరూ వాళ్ల మనిషే. షెడ్డు, కరెంటు, నీళ్లు, చాకిరీ రైతువి. పెంచినందుకు కిలోకి ఇంత అని గ్రోయింగ్ చార్జి ఇస్తారు. కాగితం మీద ఇద్దరూ వేరువేరు, పనిలో మాత్రం అంతా ఒకే సంస్థ.

మార్కెట్ ఉండగా ఇంత తంటా ఎందుకు

1937లో రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త ఒక అమాయకమైన ప్రశ్న వేశాడు: మార్కెట్లు అంత బాగా పనిచేస్తే అసలు కంపెనీలు ఎందుకున్నాయి? ఆయన జవాబు ఏంటంటే, మార్కెట్లో కొనడానికీ ఖర్చుంది. మంచి సరుకు వెతకాలి, బేరం ఆడాలి, నాణ్యత చూసుకోవాలి, అవతలివాడు మాట తప్పితే వెంటపడాలి. ఈ ఖర్చు బాగా పెరిగిపోతే ఆ పని మనమే చేసుకోవడం చవక.

కోళ్ల లెక్కతో చూద్దాం, ఎందుకంటే ఇందులో ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. రోజుకి 10,000 కోళ్లు కోసే ప్లాంటు ఒకటి ఉందనుకోండి. గుడ్డు పొదగడానికి 21 రోజులు, పిల్ల రెండు కిలోల కోడి కావడానికి సుమారు 42 రోజులు. అంటే ఇవాళ ప్లాంటు గేటు దగ్గరికి వచ్చే కోళ్ల సంఖ్య 63 రోజుల కిందటే ఖాయమైపోయింది. నూటికి ఐదు చనిపోతాయనుకుంటే రోజుకి 10,500 పిల్లలు షెడ్లకి వెళ్లాలి, నూటికి 80 గుడ్లు పిల్లలవుతాయనుకుంటే రోజుకి 13,000 పైచిలుకు గుడ్లు హేచరీలో (గుడ్లు పొదిగే చోట) పెట్టాలి. కిలో బరువుకి 1.6 కిలోల దాణా చొప్పున ఒక్కో కోడి 3.2 కిలోలు తింటుంది, అంటే రోజుకి 32 టన్నుల దాణా. ఏ రోజు చూసినా షెడ్లలో నాలుగు లక్షల పైచిలుకు కోళ్లు ఉండాలి.

ఇప్పుడు గుడ్లవాడు, హేచరీవాడు, దాణావాడు, పెంచేవాడు, కోసేవాడు అందరూ వేరువేరు అనుకోండి. ప్రతివాడూ రెండు నెలల తర్వాత పక్కవాడికి ఎంత కావాలో ఊహించాలి. ఎవడో ఒకడు తప్పు ఊహించాడా, ప్లాంటులో మనుషులు ఖాళీగా కూర్చుంటారు, లేకపోతే షెడ్లో కోళ్లు ముదిరిపోయి దాణా తింటూనే ఉంటాయి. ఒకే చేతిలో ఉంటే ఇది ఒక ఆఫీసులో వేసుకునే షెడ్యూలు. లాభంలో పెద్ద వాటా ఇక్కడి నుంచే వస్తుంది.

దళారిని తీసేస్తే ఆ కమిషన్ అంతా మిగులుతుందని చాలామంది అనుకుంటారు గాని అది సగం నిజమే. సరుకు పోగెయ్యడం, అప్పు ఇవ్వడం, బండి మాట్లాడటం లాంటి దళారి పనులు దళారితో పాటు మాయమవవు, కంపెనీలో జీతగాళ్ల చేతికి వెళ్తాయి. ఆ జీతాలూ ఖర్చే.

అన్ని పంటలకీ ఎందుకు కుదరదు

పామాయిల్ గెల కోసిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో మిల్లుకి చేరకపోతే నూనె నాణ్యత పాడవుతుంది. చెరకు నరికాక ఆలస్యమైన కొద్దీ చక్కెర శాతం పడిపోతుంది. తేయాకు కోసిన రోజే ఫ్యాక్టరీకి వెళ్లాలి. ఇలాంటి పంటల్లో పొలం, మిల్లు దగ్గరదగ్గరగా ఉండి, ఒకరి టైము ఒకరికి తెలిసి ఉండాలి. అందుకే ఇక్కడ ఇంటిగ్రేషన్ బలంగా ఉంటుంది. ఇండోనేషియాలో పామాయిల్‌కి పెట్టిన పద్ధతి పేరే 'న్యూక్లియస్-ప్లాస్మా': మధ్యలో కంపెనీ సొంత తోట, మిల్లు, చుట్టూ చిన్న రైతుల తోటలు.

వరి, గోధుమ, మొక్కజొన్న వీటికి పూర్తి వ్యతిరేకం. నెలల తరబడి నిల్వ ఉంటాయి, ఎక్కడైనా కొనేవాడు దొరుకుతాడు. కంపెనీ విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చిందే అనుకోండి, కోతల నాటికి బయట ధర పెరిగితే రైతు బయటే అమ్ముకుంటాడు. కంపెనీ అప్పు మునిగినట్టే.

జాంబియా పత్తిలో అచ్చంగా ఇదే జరిగింది. 1994లో ప్రభుత్వం తన పత్తి సంస్థని అమ్మేశాక, కొన్న కంపెనీలు రైతులకి విత్తనం, మందులు అప్పుగా ఇచ్చి పత్తి కొనడం మొదలుపెట్టాయి. తర్వాత చిన్న జిన్నింగ్ (పత్తి నుంచి గింజ తీసే) వ్యాపారులు వచ్చారు. వాళ్లు అప్పులేమీ ఇవ్వలేదు, అప్పు ఇచ్చే ఖర్చు లేదు కాబట్టి కాస్త ఎక్కువ ధర ఇచ్చి పత్తి ఎత్తుకెళ్లారు. బకాయిలు పేరుకుపోయి 1999లో, మొదట కొన్న కంపెనీల్లో ఒకటైన లాన్రో తన పత్తి వ్యాపారాన్ని డునవంట్ అనే ఇంకో కంపెనీకి అమ్మి బయటపడింది. డునవంట్ వేరే దారి పట్టింది: ఊళ్లోనే ఒక మనిషిని డిస్ట్రిబ్యూటరుగా పెట్టి, అప్పు ఎంత ఎక్కువ శాతం వసూలైతే అతనికి అంత ఎక్కువ కమిషన్ అంది. వసూళ్లు మెరుగుపడ్డాయి. గమనిస్తే, దళారి అక్కర్లేదని మొదలైన గొలుసు చివరికి ఊళ్లో మనిషి దగ్గరికే తిరిగొచ్చింది.

మొజాంబిక్ ఇంకో రకంగా ఆలోచించి ఒక్కో ప్రాంతంలో పత్తి కొనే హక్కు ఒక్కో కంపెనీకే ఇచ్చింది. పక్కకి అమ్మడం ఆగుతుంది, అప్పు తిరిగొస్తుంది, కాని ఒక్కడే కొనేవాడైతే ధర ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

రోడ్డు లేని చోట కంపెనీయే రోడ్డు

ధనిక దేశాల్లో ఒక కంపెనీ అన్నీ తనే చేయాల్సిన పని లేదు. కోల్డ్ స్టోరేజీ అద్దెకి దొరుకుతుంది, బ్యాంకు రైతుకి అప్పిస్తుంది, ల్యాబు నాణ్యత చెబుతుంది, కోర్టు ఒప్పందాన్ని అమలు చేయిస్తుంది. ఇవేవీ సరిగ్గా లేని చోట కంపెనీ తన కోసం అన్నీ కట్టుకోవాలి, కట్టుకున్నాక అదే దాని బలం అవుతుంది.

1994లో మొదలైన జాంబియా కంపెనీ జాంబీఫ్‌ని చూడండి. పేరులో బీఫ్ ఉంది గాని సోయా, మొక్కజొన్న, గోధుమ తనే పండిస్తుంది, దాణా మిల్లు ఉంది, పశువులు, కోళ్లు, పందులు, పాల డెయిరీ, కబేళాలు, సొంత లారీలు, వందల్లో దుకాణాలు ఉన్నాయి. పశువుల తోళ్లు పడేయడం ఎందుకని తోళ్ల ఫ్యాక్టరీ, దాని మీద బూట్ల తయారీ కూడా పెట్టారు. కోల్డ్ చెయిన్ నడిపేవాళ్లు అరుదైన దేశంలో దుకాణం దాకా మాంసం చల్లగా చేరాలంటే వేరే దారి కనబడలేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అలా అన్నీ సమకూర్చుకున్న కంపెనీతో కొత్తవాడు పోటీ పడాలంటే ఒక్క మిల్లు పెడితే చాలదు, మొత్తం గొలుసు పెట్టాలి. 2004లో థాయ్‌లాండ్‌కి బర్డ్ ఫ్లూ వచ్చి విదేశాలు పచ్చి కోడిమాంసం కొనడం ఆపేసినప్పుడు, ఎగుమతులు వండిన కోడిమాంసం వైపు మళ్లాయి. వండే ప్లాంట్లు, మూసిన షెడ్లు ఉన్నవాళ్లు నిలబడ్డారు. పెరట్లో పెంచేవాళ్లకి, చిన్న ఫారాలవాళ్లకి అలాంటి దారి లేదు.

ఒకే దేశం, ఒకే మాంసం, రెండు మోడళ్లు

సొంతం మేలా, ఒప్పందం మేలా అనేదానికి చైనా పందుల వ్యాపారం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. గ్వాంగ్‌డాంగ్‌లో 1983లో మొదలైన వెన్స్ కంపెనీది 'కంపెనీ, రైతు' పద్ధతి: పిల్లలు, దాణా, మందులు కంపెనీవి, పెంపకం వేల మంది రైతులది. హెనాన్‌లో 1992లో 22 పందులతో మొదలైన మూయువాన్ మాత్రం పుట్టించడం నుంచి పెంచడం దాకా అంతా సొంత షెడ్లలోనే. ఇప్పుడు ఆరంతస్తుల పందుల భవనాలు కూడా కట్టారు.

2018 ఆగస్టులో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు చైనాలోకి వచ్చింది. 2019లో వెన్స్ సుమారు 1.85 కోట్ల పందులు అమ్మితే మూయువాన్ 1.02 కోట్లు అమ్మింది. ఒక్క ఏడాదిలో బల్ల తిరగబడింది: 2020లో మూయువాన్ 1.81 కోట్లు, వెన్స్ 95 లక్షలు. వేల షెడ్లలో, వేల మంది చేతుల్లో ఉన్న పందులకి జబ్బు రాకుండా కాపలా కాయడం కష్టం, మూసిన సొంత షెడ్లలో కాస్త నయం.

దీన్ని బట్టి సొంతమే గొప్ప అనేస్తే తొందరపడ్డట్టే. షెడ్లన్నీ సొంతం అంటే వాటి మీద అప్పులన్నీ సొంతమే. తర్వాత పంది ధరలు కుప్పకూలాయి. 2021లో వెన్స్ భారీగా నష్టపోయింది, 2023లో మూయువాన్ స్టాక్ మార్కెట్లో లిస్టయ్యాక మొదటిసారి ఏడాది నష్టం చూపించింది. అంటే ధర దెబ్బ రెండు కంపెనీలకీ తగిలింది. ఒప్పంద పెంపకంలో ధర పడితే ఆ నష్టం మొదట కంపెనీ పద్దులో పడుతుంది, పెంపకం ఫీజు ఒప్పందం ప్రకారం లెక్క కడతారు. ఒప్పంద సేద్యాన్ని తిట్టేవాళ్లు ఈ సంగతి చెప్పరు. సమర్థించేవాళ్లు కింద వచ్చే లెక్క చెప్పరు.

రైతు పద్దు

మళ్లీ కోళ్ల షెడ్డుకే వద్దాం. బ్యాచ్‌కి గ్రోయింగ్ చార్జి కింద రైతుకి 100 వస్తుందనుకోండి (ఏ డబ్బైనా సరే, లెక్క ఒకటే). కరెంటు, పొట్టు, కూలి కలిపి బ్యాచ్‌కి 40 ఖర్చు. షెడ్డు అప్పు వాయిదాలు ఏడాదికి 240, బ్యాచ్ ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే.

ఏడాదికి ఆరు బ్యాచ్‌లు పడితే రాబడి 600, ఖర్చు 240 ప్లస్ 240, మిగిలేది 120.

కంపెనీకి మాంసం అమ్ముడుపోక, పిల్లలు ఆలస్యంగా పంపి ఐదు బ్యాచ్‌లే వేసింది. రాబడి 500, ఖర్చు 200 ప్లస్ 240, మిగిలేది 60.

నాలుగే పడితే 400 రాబడి, 160 ప్లస్ 240 ఖర్చు, మిగిలేది సున్నా.

ఆరింట ఒక్క బ్యాచ్ తగ్గితే రైతు ఆదాయం సగమైపోయింది. గ్రోయింగ్ చార్జిలో పైసా తగ్గలేదు, ఒప్పందంలో ఒక్క అక్షరం తప్పలేదు. కిలోకి ఇంత అని రాసిచ్చారు గాని ఏడాదికి ఇన్ని బ్యాచ్‌లు అని రాయలేదు, అంతే. ధర నష్టం కంపెనీ తీసుకుంది, ఖాళీ షెడ్డు నష్టం రైతుకి వదిలేసింది. బయట ధర పడినప్పుడే కంపెనీ పిల్లల్ని తగ్గిస్తుంది కాబట్టి, పైకి కంపెనీ మోస్తున్నట్టు కనిపించే ధర నష్టంలో కొంత ఇలా పక్కదారిలో రైతు దగ్గరికి వచ్చేస్తుంది.

పోనీ మానేద్దామా అంటే కోళ్ల షెడ్డు ఇంకో పనికి రాదు. ఆ ప్రాంతంలో ఇంకో కంపెనీ లేకపోతే బేరం ఆడే బలం అప్పు మీద సంతకం పెట్టిన రోజే తగ్గిపోయింది. ఆర్థికవేత్త ఆలివర్ విలియమ్సన్ దీని మీదే చాలా కాలం పనిచేశాడు, 2009లో నోబెల్ కూడా వచ్చింది: ఒక్క కొనుగోలుదారుకే పనికొచ్చే ఆస్తి మీద డబ్బు పెట్టినవాడు ఆ తర్వాత అవతలివాడి దయ మీద ఉంటాడు. ఇది కంపెనీకీ వర్తిస్తుంది, చుట్టుపక్కల గెలలు రాకపోతే పామాయిల్ మిల్లు పాత ఇనుమే. అయితే మిల్లుకి వెయ్యి మంది రైతులుంటారు, రైతుకి మిల్లు ఒక్కటే.

భూమి కూడా సొంతమే అంటే

గొలుసు మొదటి లింకైన భూమిని కూడా కంపెనీయే తీసుకోవడం పాత పద్ధతి. 1926లో లైబీరియాలో ఫైర్‌స్టోన్ రబ్బరు కోసం పది లక్షల ఎకరాల దాకా 99 ఏళ్లకి, ఎకరాకి ఆరు సెంట్ల కౌలుకి తీసుకుంది. మధ్య అమెరికాలో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీకి అరటి తోటలతో పాటు రైళ్లు, ఓడలు కూడా ఉండేవి. 1950ల్లో గ్వాటెమాలా ప్రభుత్వం కంపెనీ బీడు భూములను రైతులకి పంచడం మొదలుపెట్టింది, 1954లో అమెరికా గూఢచారి సంస్థ సాయంతో ఆ ప్రభుత్వమే కూలిపోయింది.

ఈ మధ్య ప్రయత్నాలు ఎక్కువగా బోల్తా కొట్టాయి. 2008లో దక్షిణ కొరియా కంపెనీ దేవూ లాజిస్టిక్స్ మడగాస్కర్‌లో 13 లక్షల హెక్టార్లు 99 ఏళ్లకి తీసుకోబోతోందన్న వార్త అక్కడ పెద్ద గొడవకి దారితీసింది, 2009లో అధ్యక్షుడు దిగిపోయాడు, ఒప్పందం రద్దయింది. బెంగళూరు గులాబీల కంపెనీ కరుటూరి ఇథియోపియా గాంబెలాలో ముందు లక్ష హెక్టార్లు, తర్వాత మూడు లక్షల దాకా అన్న లెక్కన భూమి తీసుకుంది. 2011లో బారో నది పొంగి మొక్కజొన్న మునిగింది, తీసుకున్నదాంట్లో చాలా కొంచెమే సాగైంది, చివరికి ప్రభుత్వం లీజు రద్దు చేసింది. స్థానికులకి తెలిసిన వరద గుణం మ్యాపు చూసి కౌలు రాయించుకున్నవాళ్లకి తెలియలేదు.

రైతులే యజమానులైతే

అన్నీ ఒకే చేతిలో ఉండాలంటే ఆ చెయ్యి పెట్టుబడిదారుడిదే కానక్కర్లేదు. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పాలు కొనే హక్కు పోల్సన్ డెయిరీ ఒక్కదానికే ఉన్న రోజుల్లో, రైతులు పాలు పొయ్యడం ఆపేసి 1946లో సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. తర్వాత అమూల్ అయింది అదే. ఊళ్లో సంఘం, జిల్లాలో డెయిరీ, పైన అమ్మకాల సమాఖ్య. ఇది కూడా వర్టికల్ ఇంటిగ్రేషనే, కాకపోతే కింద నుంచి పైకి కట్టారు. వినియోగదారుడి రూపాయిలో 80 పైసల వరకు పాలు పోసినవాళ్లకే వెళ్తుందని అమూల్ చెబుతుంది.

కెన్యా తేయాకుది ఇంకో దారి. 1964లో ప్రభుత్వం పెట్టిన సంస్థ 2000లో రైతుల చేతికి వచ్చింది. ఇప్పుడు ఆరు లక్షల మంది దాకా చిన్న రైతులు, ఫ్యాక్టరీలలో వాళ్లకి వాటాలు. నెలనెలా ఆకుకి కొంత, ఏడాది చివర్లో లాభం నుంచి 'బోనస్'. దుకాణం దగ్గర వచ్చిన లాభం పొలం దాకా రావడానికి ఉన్న దారి ఆ బోనసే. కాని ఫ్యాక్టరీల మధ్య బోనస్ తేడాల మీద, పైన కూర్చున్న డైరెక్టర్ల మీద ఏళ్ల తరబడి గొడవలున్నాయి, 2020లో ప్రభుత్వం కొత్త టీ చట్టం కూడా తెచ్చింది. యజమాని రైతే అయినా లెక్కల పుస్తకం తన కంటికి కనబడకపోతే పెద్ద తేడా ఉండదన్నమాట.

ఒప్పందంలో చట్టం ఎక్కడ దూరాలి

2019లో పెప్సీకో తమ చిప్స్ బంగాళాదుంప రకాన్ని అనుమతి లేకుండా పండించారని గుజరాత్ రైతుల మీద కేసులు వేసింది, కొందరి దగ్గర కోటి రూపాయల పైన పరిహారం అడిగింది. గొడవ పెరగడంతో కొన్ని వారాల్లోనే వెనక్కి తీసుకుంది. 2021లో ఆ రకం మీద దాని హక్కు రద్దయింది, 2024లో ఢిల్లీ హైకోర్టు మళ్లీ కంపెనీ వైపు తీర్పిచ్చింది. 2020లో భారత ప్రభుత్వం తెచ్చిన మూడు సాగు చట్టాల్లో ఒకటి ఒప్పంద సేద్యం గురించే. రైతు భూమి మీద కంపెనీకి హక్కు రాదని అందులో స్పష్టంగా ఉంది, సమర్థించినవాళ్లు అదే చూపించారు. తగాదా వస్తే సివిల్ కోర్టుకి వీల్లేదు, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరికే వెళ్లాలని కూడా ఉంది, వ్యతిరేకించినవాళ్లు ఇది పట్టుకున్నారు. 2021 చివర్లో మూడూ రద్దయ్యాయి.

బ్రెజిల్ పద్ధతి నాకు ఆసక్తిగా అనిపించింది. దక్షిణ రాష్ట్రాల్లో కోళ్లు, పందుల ఇంటిగ్రేషన్ దశాబ్దాలుగా నడుస్తున్నా, దానికంటూ ప్రత్యేక చట్టం 2016లో గాని రాలేదు. ధర ఎంతుండాలో ఆ చట్టం చెప్పదు. రైతు సంతకానికి ముందే పెట్టుబడి, రాబడి అంచనాలతో కంపెనీ ఒక పత్రం ఇవ్వాలి, తర్వాత ఉత్పత్తి లెక్కల నివేదిక ఇస్తూ ఉండాలి, ప్రతి ప్లాంటు దగ్గరా రైతులు, కంపెనీ సగం సగం ఉండే కమిటీ ఒకటి ఉండాలి. ఒక బ్యాచ్‌లో పిల్లలు ఎందుకు ఎక్కువ చచ్చాయి, పిల్లల నాణ్యత వల్లా, దాణా వల్లా, షెడ్డులో గాలి ఆడకా అన్న తగాదా ఇంతకాలం కంపెనీ సూపర్‌వైజరు రాసిన కాగితంతో తేలిపోయేది. ఇప్పుడు రైతు దాన్ని ఆ కమిటీ ముందు పెట్టొచ్చు.